పదో తరగతి ఇంగ్లిష్: జూన్‌లో పాఠం ఎక్కడ మొదలుపెట్టాలి?

అమ్మా, ముందుగా ఉద్యోగంలో చేరినందుకు అభినందనలు. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్‌గా ఎంపికై జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరారు. జూన్ 12న బడి తెరవగానే పదో తరగతి మీ చేతికి వస్తుంది. 38 మంది పిల్లలు. వాళ్లలో ఎనిమిది, తొమ్మిది మంది ఒక్క ఇంగ్లిష్ లైను కూడా కూడబలుక్కోకుండా చదవలేరని ఇంతకుముందు పనిచేసిన సార్ చెప్పి వెళ్లారు. స్టాఫ్ రూమ్‌లో కొందరు ముందు గ్రామర్ పూర్తి చేసేయమంటున్నారు, కొందరు మొదటి రోజు నుంచే ప్రశ్న-జవాబులు రాయించమంటున్నారు. మీరు ఎం.ఏ.లో సాహిత్యం ఇష్టపడి చదువుకున్నారు. ఈ పిల్లలకి సాహిత్యం చెప్పడం కుదిరే పనేనా, కుదిరితే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

కుదురుతుంది. కవితతో మొదలుపెట్టండి. గ్రామర్‌తో వద్దు, ప్రశ్న-జవాబులతో అసలే వద్దు. పల్నాడు, ప్రకాశం జిల్లాల్లోని బడుల్లో 26 ఏళ్లుగా ఈ సబ్జెక్టు చెబుతున్నాను. అందులో మొదటి ఎనిమిదేళ్లు తప్పుగా చెప్పాను. ఆ తప్పు ఏమిటో కింద రాస్తాను, మీరు మొదటి ఏడాదే దాన్ని తప్పించుకోవచ్చు.

బడి తెరిచిన మొదటి వారం 38 మందీ రారు. కొందరు ఇంకా అమ్మమ్మ వాళ్ల ఊళ్లోనే ఉంటారు, కొందరు పత్తి గింజలు పెట్టే పనిలో ఉంటారు. పుస్తకాలు కూడా ఒక్కోసారి అందరికీ ఒకేసారి అందవు. అందుకని మొదటి మూడు రోజులు పాఠం ఎత్తుకోకండి. సగం మంది లేనప్పుడు చెప్పిన పాఠాన్ని మళ్లీ చెప్పాలి, అప్పుడు విన్నవాళ్లకి విసుగు. అలాగని ఆ మూడు రోజులూ ఊరికే పోనివ్వకండి. పేర్లు నేర్చుకోండి. మూడో రోజుకల్లా అటెండెన్స్ రిజిస్టర్ చూడకుండా పేరు పెట్టి పిలిస్తే పదో తరగతి పిల్లలు సగం మీవాళ్లు అయిపోతారు.

ఆ మూడు రోజుల్లోనే ఒక్కొక్కరినీ టేబుల్ దగ్గరికి పిలిచి, ఏడో తరగతి పుస్తకంలోంచి ఒక ఐదారు లైన్లు మీకు మాత్రమే వినబడేలా చదివించండి. మిగతావాళ్లకి ఏదైనా రాసే పని ఇవ్వండి. ఎవరు ధారాళంగా చదువుతున్నారు, ఎవరు తడబడుతున్నారు, ఎవరికి అక్షరాలు తప్ప మాటలు రావు అనేది మీ డైరీలో రాసుకోండి. ఆ జాబితా మీ డైరీ దాటి బయటికి రాకూడదు. రాని పిల్లాణ్ని మొదటి వారంలో అందరి ముందు నిలబెట్టి చదివించొద్దని చేతులు జోడించి చెబుతున్నాను. జూన్‌లో ఒక్కసారి క్లాసంతా నవ్విందంటే ఆ పిల్లాడు మార్చి దాకా నోరు తెరవడు. అలా మూగబోయిన పిల్లల్ని చూశాను, వాళ్ల మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇక పాఠం. ఆంధ్రప్రదేశ్‌లో 2024–25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే వచ్చాయి కాబట్టి మీకు మొదటి కవిత రాబర్ట్ ఫ్రాస్ట్ రాసిన ‘డస్ట్ ఆఫ్ స్నో’. తెలంగాణలో పనిచేసేవాళ్లకి పుస్తకం వేరు. పద్ధతి మాత్రం ఏ కవితకైనా ఇదే. ఈ కవితతో ఏడాది మొదలుపెట్టడం అదృష్టమనే చెప్పాలి. మొత్తం ఎనిమిది లైన్లు, 34 మాటలు. ఆ 34లో ‘హెమ్‌లాక్’, ‘గివెన్’ అనే రెండు మాటలు తప్ప మిగతావన్నీ ఒక్క దెబ్బలో పలికే చిన్న మాటలు. కాకి, చెట్టు, మంచు, గుండె, రోజు. చదవడం రాని ఆ ఎనిమిది మంది కూడా వారం తిరిగేలోపు పూర్తిగా చదవగలిగిన మొదటి ఇంగ్లిష్ కవిత ఇదే అవుతుంది.

నేనెలా చెబుతానో చెబుతాను. పీరియడ్‌కి ముందే, ఇంటర్వెల్‌లో, కవితను బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేస్తాను. పుస్తకాలు మూయమంటాను. ఒకసారి నెమ్మదిగా పైకి చదువుతాను. ఒక్క మాట కూడా వివరించను. రెండోసారి మళ్లీ చదువుతాను. మూడోసారి అందరూ నాతో కలిసి చదువుతారు. గుంపులో చదివేటప్పుడు రానివాడికి కూడా గొంతు వస్తుంది. అప్పుడు మొదటి ప్రశ్న అడుగుతాను: “ఇందులో ఫుల్‌స్టాప్‌లు ఎన్ని ఉన్నాయి?”

అర్థం తెలియకపోయినా ఈ ప్రశ్నకి అందరూ జవాబు చెప్పగలరు. అందరి కళ్లూ బోర్డు మీద వెతుకుతాయి. ఒక్కటే ఉంది, చివర్న. “అంటే వాక్యాలు ఎన్ని?” ఒక్కటే. అప్పటిదాకా ప్రతి లైనూ ఒక వాక్యం అనుకున్న పిల్లలకి, ఎనిమిది లైన్లూ కలిసి ఒకే మాట చెబుతున్నాయని అక్కడ తెలుస్తుంది. లైను దాటి చదవాలి, ఫుల్‌స్టాప్ దాకా ఆగకూడదు. ఈ ఒక్కటీ పట్టుబడితే ఏడాదిలోని మిగతా కవితలన్నీ సులువైపోతాయి.

తర్వాత తెలుగులో అడుగుతాను. ఎవరున్నారు ఇందులో? ఏం జరిగింది? ఒక మనిషి చెట్టు కింద ఉన్నాడు, కొమ్మ మీది కాకి కదిలింది, మంచు రాలి అతని మీద పడింది. కాకి అనగానే క్లాసు లేస్తుంది. “కాకి తల మీద తన్నితే తలస్నానం చేయాలి సార్.” “పిండం కాకి ముట్టకపోతే మా తాతకి ఏదో కోరిక మిగిలిందన్నారు సార్.” “పొద్దున్నే అరిస్తే చుట్టాలొస్తారు సార్.” ఒక ఐదు నిమిషాలు మాట్లాడనివ్వండి, ఆపకండి. అందమైన పిట్టల్ని వదిలేసి, ఎవరూ శుభంగా తలవని పిట్టను కవి ఏరికోరి ఎందుకు తెచ్చాడో మీరు విడమరచి చెప్పక్కర్లేదు, వాళ్లే చెబుతారు.

మంచు దగ్గర చిక్కు వస్తుంది. మన పిల్లలకి మంచు అంటే సంక్రాంతి ముందు పొద్దున్నే గడ్డి మీద ఉండే తడి. అది ‘డస్ట్’ ఎలా అవుతుంది? నేను బోర్డు డస్టర్ తీసుకుని, చెయ్యి చాపి, దాని మీద ఒక్కసారి తట్టి చూపిస్తాను. చాక్‌పీస్ పొడి తెల్లగా, మెత్తగా చేతి మీదికి దిగుతుంది. ముందు బెంచీ పిల్లలు వాళ్ల చేతులు కూడా చాపుతారు. ఇక ఆ మాటకి అర్థం రాయించాల్సిన పని ఉండదు.

కవితలో చివరి మాట ‘రూడ్’ (rued), ఆ రోజు గురించి కవి అన్న మాట. మర్యాద లేకపోవడం అనే అర్థంలో పిల్లలకి తెలిసిన ‘రూడ్’ (rude) వేరు, ఇది వేరు. స్పెల్లింగ్ చూపించి, డిక్షనరీ ఉన్నవాళ్లని ‘రూ’ అనే మాట వెతకమంటాను. చింతించడం, విచారపడడం అని దొరుకుతుంది. ఆ తెలుగు మాటలతో వాళ్ల మొహంలో ఏమీ కదలదు. “ఆ రోజు అతనికి ఎలా గడిచి ఉంటుంది? ఇంట్లో మీ అమ్మ అలాంటప్పుడు ఏమంటుంది?” అని అడిగాను ఒక ఏడాది. వెనక బెంచీ అమ్మాయి ఒకతి లేచి, “పొద్దున్నే ఎవరి మొహం చూసి లేచానో, అంటుంది సార్” అంది. అంతకన్నా మంచి అనువాదం నాకు ఇంతవరకు దొరకలేదు. ఇప్పటికీ ప్రతి ఏడాదీ దాన్నే వాడుతున్నాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఏడాది పొడవునా మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉంది: “ఏ మాట చూసి చెప్పావు?” పిల్లాడు లేచి, “అతను సంతోషపడ్డాడు సార్” అంటాడు. ఏ మాట చూసి చెప్పావు? ‘చేంజ్ ఆఫ్ మూడ్’ అని చూపిస్తాడు. సరే, రోజంతా బాగుపడిందా? అందరూ అవునంటారు. ఏ మాట చూసి? అప్పుడు కాసేపు నిశ్శబ్దం. మళ్లీ బోర్డు చదువుతారు. ఎవరో ఒకరు పట్టుకుంటారు: “సమ్ పార్ట్ అన్నాడు సార్. కొంచెమే.” అవును, కొంత భాగమే. పాడైన రోజు మొత్తం మారిపోలేదు, కొంత దక్కింది, అంతే. మనం ఎం.ఏ.లో క్లోజ్ రీడింగ్ అని చదువుకున్నది ఇదే కదమ్మా. జిల్లా పరిషత్ బడిలో, తెలుగులో మాట్లాడుకుంటూ, ఇంగ్లిష్ లైను మీద వేలు పెట్టి పిల్లలు ఇది చేయగలరు.

కవితలో కాకి ఉన్న చెట్టు పేరు హెమ్‌లాక్, దాని గురించి ఒక మాట. పుస్తకంలో, గైడ్లలో విషపు మొక్క అని ఉంటుంది. సోక్రటీస్‌కి ఇచ్చిన విషం ఆ పేరున్న మొక్కదే. కానీ అమెరికా ఈశాన్య ప్రాంతంలో హెమ్‌లాక్ చెట్టు అంటే ఏడాదంతా పచ్చగా ఉండే, సూదుల్లాంటి ఆకుల పెద్ద చెట్టు. అది విషపు చెట్టు కాదు. మంచు ఆగి రాలేది అలాంటి కొమ్మల మీది నుంచే. పిల్లలకి రెండూ చెప్పండి. ఆ పేరు వినగానే ఇంగ్లిష్ పాఠకుడికి విషం గుర్తొస్తుంది, అందుకని పుస్తకం చెప్పేది పూర్తిగా కొట్టేయక్కర్లేదు. పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి.

కవి పరిచయం అన్నిటికన్నా చివర చెప్పండి. పుట్టిన తేదీ, అవార్డుల జాబితాతో పాఠం మొదలైతే పిల్లల ఆసక్తి అక్కడే పోతుంది. కవిత చదివాక, ఫ్రాస్ట్ న్యూ హాంప్‌షైర్‌లో కొన్నేళ్లు కోళ్లు పెంచుతూ వ్యవసాయం చేశాడని చెబితే వాళ్లకి ఆ మనిషి కనిపిస్తాడు.

నా తప్పు సంగతి. మొదటి ఎనిమిదేళ్లు నేను పాఠాన్ని తెలుగులో కథగా చెప్పి, ఇంగ్లిష్‌లో సారాంశం డిక్టేట్ చేసేవాణ్ని. పిల్లలు శ్రద్ధగా రాసుకునేవాళ్లు, బట్టీ పట్టేవాళ్లు. అందరూ నన్ను మంచి టీచరనే అన్నారు. ఒక ఏడాది ప్రీ-ఫైనల్ పేపర్లు దిద్దుతుంటే, తెలివైన అమ్మాయి ఒకతి ఒక కవిత అడిగితే ఇంకో కవిత సారాంశం, ఒక్క స్పెల్లింగ్ తప్పు లేకుండా, పేజీ నిండా రాసింది. పిలిచి అడిగితే, ప్రశ్నలో ఇచ్చిన నాలుగు లైన్లు ఏ కవితలోవో తనకి తెలియలేదంది. తెలియదు మరి. ఏడాదిలో ఆ లైన్లను తను ఒక్కసారి కూడా చదవలేదు, చదివే అవసరం నేను రానివ్వలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా సారాంశం పిల్లకీ పాఠానికీ మధ్య గోడలా నిలబడిందని అప్పుడు అర్థమైంది.

అందుకే చెబుతున్నాను, జూన్, జూలైల్లో నోట్స్ ఇవ్వకండి. తెలుగులో చెప్పడం తప్పు కాదు. ఆలోచన తెలుగులో సాగనివ్వండి. కానీ రుజువు మాత్రం ఇంగ్లిష్ లైన్లోంచి చూపించాలి.

రెండో వారం చివర గద్యానికి వెళ్లండి. ‘ఎ లెటర్ టు గాడ్’ మన జిల్లాల పిల్లలకి బాగా దగ్గరయ్యే కథ. లెంచో అనే రైతు, పండిన మొక్కజొన్న చేను, వాన కోసం ఎదురుచూపు, చివరికి వడగళ్లు. మెక్సికో మ్యాప్‌తో మొదలుపెట్టకండి. “మీ ఊళ్లో వడగళ్ల వాన ఎప్పుడు పడింది? ఎవరి చేను పోయింది?” అని అడగండి. మిర్చి కల్లాల మీద వాన పడిన సంవత్సరం ఏదో, ఆ రాత్రి పట్టాలు కప్పడానికి ఇంటిల్లిపాదీ ఎలా పరుగెత్తారో చెబుతారు. ఆ తర్వాత కథలో ఒకే ఒక్క చోటు చదివించండి. వాన మొదలైనప్పుడు లెంచో చినుకుల్ని కొత్త నాణేలంటాడు, పెద్ద చినుకులు పది సెంట్లు, చిన్నవి ఐదు. కాసేపటికి వడగళ్లు పడతాయి, అవి నిజంగానే కొత్త వెండి నాణేల్లా ఉంటాయి. నాణెం అదే, కానీ ఇప్పుడది నష్టం. చివరికి చేను ఉప్పు పరిచినట్టు తెల్లగా మారుతుంది. మిర్చి రైతు పిల్లలకి ఈ మూడు లైన్లు చాలు, ఇలా ఆశపడిందే ఎదురు తిరగడానికి ఐరనీ అనే పేరు తర్వాత చెప్పొచ్చు.

కథ చివర్న లెంచో వంద పెసోలు (పెసో అంటే మెక్సికో డబ్బు) కోరుతూ దేవుడికి ఉత్తరం రాస్తాడు. పోస్ట్‌మాస్టర్ తన జీతంలోంచి కొంత తీసి, తోటి ఉద్యోగుల దగ్గర, మిత్రుల దగ్గర పోగు చేసి డెబ్బై పంపుతాడు. మిగతా ముప్పై పోస్టాఫీసు వాళ్లే తిన్నారని లెంచో మళ్లీ ఉత్తరం రాస్తాడు. ఇక్కడ క్లాసు రెండుగా చీలుతుంది. కృతజ్ఞత లేని మనిషని సగం మంది కోప్పడతారు. ఒక ఏడాది ఒక పిల్లాడు మాత్రం, “తప్పేం లేదు సార్, దేవుడి దగ్గర తక్కువెందుకొస్తుంది? దారిలోనే పోతుంది” అన్నాడు. ఏ మాట చూసి చెప్పావు అని అడిగాను. పేజీ తిప్పి, డబ్బు చూసినా లెంచో ఏమాత్రం ఆశ్చర్యపోలేదు అనే వాక్యం మీద వేలు పెట్టాడు. “నమ్మకం అంత ఉంది సార్ ఆయనకి. ఇంకెవరో ఇచ్చారని ఎలా అనుకుంటాడు?” ఆ పిల్లాడు అప్పటికి ఇంగ్లిష్‌లో పాస్ మార్కులు తెచ్చుకున్నది తక్కువ. మీ క్లాసులో కూడా అలాంటివాడు ఉంటాడు, వాడి మాట వినడానికి టైం పెట్టుకోండి. ఈ కథకి వారం పట్టినా పరవాలేదు.

చదవడం రాని ఆ ఎనిమిది మందికి నేను చేసేది చిన్న పని. రేపు నిన్ను ఫలానా లైను చదవమంటాను అని ముందురోజు సాయంత్రమే చెప్పేస్తాను. ఒక్క లైను. చదవగలిగే స్నేహితుడి దగ్గర ఇంటికెళ్తూ నేర్చుకుని వస్తాడు. మర్నాడు అడిగితే తప్పు లేకుండా చదువుతాడు, కూర్చునేటప్పుడు మొహం వెలిగిపోతుంది. మరుసటి వారం రెండు లైన్లు. దీనితోపాటు ప్రేయర్ అయ్యాక పది నిమిషాలు వాళ్లతో విడిగా కూర్చుని అక్షరాల శబ్దాలు చూడండి. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి, రాసిన అక్షరం పలక్కపోవడం వాళ్లకి అన్యాయంలా అనిపిస్తుంది. ‘నైఫ్’లో మొదటి ‘కె’ ఎందుకుందని అడుగుతారు. ఒకప్పుడు ఇంగ్లిష్ వాళ్లు దాన్ని పలికేవాళ్లు, తర్వాత పలుకు మారింది, రాత మారలేదు అని చెప్పండి. కారణం ఉందని తెలిస్తే భయం తగ్గుతుంది.

గ్రామర్ పాఠంలోంచే తీయండి. లెంచో మాటల్ని రిపోర్టెడ్ స్పీచ్‌లోకి మార్పిస్తే సరిపోతుంది, జూన్‌లో ఇంతకు మించి వద్దు.

నోట్‌బుక్ ఒకటి పెట్టించండి. ప్రతి పాఠానికీ తనకు నచ్చిన ఒక ఇంగ్లిష్ వాక్యం చూసి రాయాలి, అదెందుకు నచ్చిందో రెండు వాక్యాలు సొంతంగా రాయాలి. మొదట తెలుగులో రాసినా తీసుకోండి. జూలై నుంచి రెండింటిలో ఒకటి ఇంగ్లిష్‌లో అడగండి. రోజుకి ఎనిమిది పుస్తకాలు చొప్పున దిద్దితే వారంలో అందరివీ అవుతాయి, మీకూ టెన్షన్ ఉండదు. ప్రతి తప్పుకీ ఎర్ర గీత గీయకండి. ఈ వారం క్రియ మాత్రమే, వచ్చే వారం స్పెల్లింగ్ మాత్రమే చూడండి.

హెచ్ఎం గారు సిలబస్ ఎంతయింది అని అడుగుతారు, అడగాలి కూడా. పబ్లిక్ పరీక్ష వంద మార్కులది, 35 వస్తే పాస్, బడి ఫలితాల బాధ్యత ఆయన మీద ఉంటుంది. దాచకుండా చెప్పండి: పేపర్లో పాఠంలోని పేరా ఇచ్చి, కవితలోని లైన్లు ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు, అందుకే లైన్లు చదివిస్తున్నాను అని. పిల్లల నోట్‌బుక్కులు రెండు తీసుకెళ్లి చూపించండి. సెప్టెంబర్ నుంచి పాత పేపర్లు, స్లిప్ టెస్టులు మొదలుపెట్టండి. బాగా చదివే పిల్లలకు అప్పుడు వేగం వస్తుంది, మొదట్లో పోయిందనుకున్న టైం తిరిగి వస్తుంది.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ మొదటి వారంలోనే చూస్తారు. చాలామంది పిల్లలు ఇంగ్లిష్ లైను మీద పెన్సిల్‌తో తెలుగు అక్షరాల్లో పలుకు రాసుకుంటారు. ‘ది వే ఎ క్రో’ అని. కొందరు టీచర్లు దీన్ని చూసి పుస్తకం లాక్కుంటారు. మీరు అలా చేయొద్దు, అది వాళ్ల చేతికర్ర. పెన్నుతో కాకుండా పెన్సిల్‌తోనే రాయమని మాత్రం గట్టిగా చెప్పండి. నెలనెలా ఒక పాఠం మీదివి చెరపమనండి. నా క్లాసులో దసరా సెలవులకు ముందురోజు అందరినీ రబ్బర్లు తెమ్మంటాను. ‘డస్ట్ ఆఫ్ స్నో’ పేజీ తీసి, తెలుగు అక్షరాలన్నీ చెరిపేసి, పొడి ఊదేసి, అందరం కలిసి ఒకసారి పైకి చదువుతాం.